కష్టజీవుల కళాశాల

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్నది మన ఇళ్లలో తరచుగా వినవచ్చే సామెత. పిల్లలకు నడవడి నేర్పే సందర్భంలో పుట్టిన ఈ మాటను చదువుకు అన్వయించి, ముప్పది ఏళ్లు దాటినవారు పుస్తకం చేతపట్టితే నవ్వడం పరిపాటి అయినది. కాని ఆ సామెత వంగడాన్ని గూర్చి చెప్పినదే గాని, కాయడాన్ని గూర్చి చెప్పలేదు. మాను వంగకపోవచ్చును, కాపు కాయవలసినది మాత్రం మానే. వయస్సు వచ్చిన తరువాత, సంసారం మోస్తూ, కూలికో కొలువుకో పోతూ, చదువు సాగించేవారి అనుభవాలు ఎట్టివి? వారి కొరకు ఏర్పడిన కళాశాలలు ఏ విధంగా పుట్టినవి, ఏ విధంగా పనిచేస్తున్నవి? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మాటలు గాలిలో తేలిపోకుండా ఉండడానికి ఒక ప్రదేశాన్ని ఎదుట పెట్టుకొని మాట్లాడుకొందాము. జోగులాంబ గద్వాల జిల్లాలో ధరూరు మండలం కలదు. కృష్ణానది దాని అంచున ప్రవహిస్తున్నది. ఈ మండలంలోని రేవులపల్లి వద్దనే జూరాల ఆనకట్ట ఉన్నది. 2016లో కొత్త జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతమంతా మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. పాలమూరు కూలి అన్న పేరుతో దేశం నలుమూలలా కాలువలు త్రవ్వి, ఆనకట్టలు కట్టినవారు ఈ జిల్లావారే. 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి గద్వాల జిల్లా పరిధిలో చదవను వ్రాయను వచ్చినవారు నూటికి సుమారు యాభై మంది మాత్రమే. స్త్రీలలో ఈ సంఖ్య ఇంకను తక్కువ. అనగా ఇక్కడ పెద్దల చదువు అన్నది తీరిక ఉన్నవారి వేడుక కాదు; సగం ఊరికి సంబంధించిన సమస్య.

ఈ సమస్యకు ఒక కారణం ఇక్కడి పంటలోనే ఉన్నది. గద్వాల, ధరూరు, మల్దకల్, అయిజ, ఘట్టు ప్రాంతాలు విత్తన పత్తికి ప్రసిద్ధి. సాధారణంగా పత్తి పండించేవారు విత్తనం కొని విత్తుతారు. ఇక్కడివారు ఆ విత్తనాన్నే పండిస్తారు. సంకర విత్తనం తయారుకావలెనంటే ఆడ మొక్కపై పూచే ప్రతి పువ్వును మనిషి చేతితో తాకవలసినదే. సాయంకాలం మరునాడు విచ్చుకోబోయే మొగ్గను ఎంచి, దాని రేకులను, కేసరాలను గోటితో గిల్లివేయవలెను. తెల్లవారిన తరువాత మగ మొక్క పువ్వును తెచ్చి, దాని పుప్పొడిని ఆ కీలాగ్రానికి రుద్దవలెను. ఈ పనినే ఇక్కడ క్రాసింగు అంటారు. వానాకాలపు పంటలో ఇది కొన్ని వారాల పాటు ఒక్క రోజు విరామం లేకుండా సాగుతుంది. ఒక పూట మానితే ఆ పూట పూచిన పువ్వులన్నీ వృథా. ఒకప్పుడు ఈ పనికి చిన్న వ్రేళ్లు అనుకూలమని బాలికలను బడి మాన్పించి చేలలో దింపేవారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోకి రాకముందే బాల్యం గడిచిపోయిన ఆ బాలికలు నేడు తల్లులు. వారు బడి మానలేదు. బడి వారికి మాన్పించబడినది. ఆ బాకీని ఎవరు తీర్చవలెను, ఎట్లు తీర్చవలెను అన్నదే ఈ విషయంలోని అసలు ప్రశ్న.

వేళ కుదరవలెను

శ్రమజీవికి చదువు చెప్పవలెనన్న ఆలోచన కొత్తది కాదు. జార్జి బర్క్‌బెక్ అనే వైద్యుడు గ్లాస్గో నగరంలో భౌతికశాస్త్రం బోధిస్తున్న కాలంలో, తన ప్రయోగాలకు పరికరాలు తయారుచేసే పనివారు వాటి మర్మం తెలిసికొనవలెనని ఆతురపడడం గమనించి, వారి కొరకే ఉపన్యాసాలు ప్రారంభించినాడు. తరువాత లండన్ చేరి, 1823లో మిత్రులతో కలిసి అక్కడ యంత్రకారుల విద్యాసంస్థను స్థాపించినాడు. పనివారికి శాస్త్రం తెలిస్తే వారు మాట వినరని భయపడినవారు ఆ రోజులలో లేకపోలేదు. అయినను సంస్థ నిలిచినది. 1830లో స్త్రీలను చేర్చుకొన్నది. 1920లో లండన్ విశ్వవిద్యాలయంలో భాగమై, నేటికిని స్థాపకుని పేరుతోనే సాయంకాల విద్యకు నిలయంగా ఉన్నది. ఆ సంస్థ కనిపెట్టినది గొప్ప సిద్ధాంతం కాదు, చిన్న సంగతి: పనివాడు బడి వేళకు రాలేడు గనుక, బడియే పనివాని వేళకు రావలెను.

మన దేశంలో ఈ సంగతిని చక్కగా గ్రహించినవారు డాక్టర్ అంబేద్కర్. ఆయన స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పక్షాన 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల ప్రారంభమైనది. అక్కడ తరగతులను ఉదయం వేళలో నడిపి, విద్యార్థులు తరువాత తమ పనులకు పోవడానికి వీలు కల్పించినారు. బొంబాయికి మన తెలంగాణ పల్లెలకు గల సంబంధం చాల పాతది. ఆ నగరంలోని కామాఠీపుర అన్న పేరు, ఇక్కడి నుండి వెళ్లి మేడలు కట్టిన కామాఠీ కూలీల వలన వచ్చినదే. ఇంటిని పోషించుకొంటూనే పట్టభద్రుడు కావచ్చునన్న మాట అటువంటి నగరంలో ఎంతమందికి ధైర్యం ఇచ్చి ఉంటుందో ఊహించుకొనవచ్చును.

హైదరాబాదులోను సాయంకాల కళాశాలలు వెలసినవి. పగలు కచేరీలలో గుమాస్తాలుగా, దుకాణాలలో లెక్కలు వ్రాసేవారుగా పనిచేసినవారు సాయంత్రం పుస్తకాలు చంకన పెట్టుకొని అక్కడికి చేరేవారు. అయితే ఈ ఏర్పాటు పట్టణవాసికి మాత్రమే సరిపోతుంది. ధరూరు రైతుకూలీకి హైదరాబాదు సాయంకాల కళాశాల ఎంత దూరమో, లండన్ కళాశాల కూడ ఆచరణలో అంతే దూరం. వేళ కుదిరినంత మాత్రాన చాలదు. చోటు కూడ కుదరవలెను.

వాకిలి తెరువవలెను

వేళకు, చోటుకు తోడు మూడవ చిక్కు అర్హత. అయిదవ తరగతితో చదువు ఆగిపోయిన వ్యక్తి కళాశాల గుమ్మం ఎట్లు ఎక్కగలడు? మధ్యనున్న మెట్లన్నీ మరల ఒక్కొక్కటిగా, పిల్లల ప్రక్కన కూర్చొని ఎక్కవలెనా? ఈ ప్రశ్నకు తెలుగునాట తన జీవితంతోనే సమాధానం చెప్పినవారు దుర్గాబాయమ్మగారు. 1909లో రాజమహేంద్రవరంలో జన్మించిన ఆమె స్వాతంత్ర్యోద్యమంలో చెరసాలకు వెళ్లి వచ్చిన తరువాత, కాశీ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషన్ పరీక్షకు సొంతంగా చదివి ఉత్తీర్ణులైనారు. ఆపైన ఆంధ్ర విశ్వవిద్యాలయ పట్టం పొంది, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, రాజ్యాంగ సభలో సభ్యులైనారు. తాను నడిచిన దారిన ఇతర స్త్రీలను నడిపించవలెనని మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, ఆ కాశీ పరీక్షకే వారిని తయారుచేసినారు. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షులుగా ఉన్న కాలంలో, బడి మానిన పెద్ద వయస్సు స్త్రీల కొరకు 1958లో సంగ్రహ విద్యాప్రణాళిక అమలులోకి తెచ్చినారు. పిల్లలు అనేక సంవత్సరాలలో చదివేదానిని పెద్దలు రెండేళ్లలో అందుకొనగలరన్నది దాని వెనుకనున్న నమ్మకం. ఎందుకనగా పెద్దలు నేర్చుకొనవలసినది అక్షరం మాత్రమే. లోకం వారికి ముందే తెలుసును.

ఈ మూడు చిక్కులకు ఒక్కచోట పరిష్కారం వెదకినది సార్వత్రిక విశ్వవిద్యాలయం. బ్రిటనులో ఇటువంటి సంస్థకు 1969లో రాజశాసనం లభించి, 1971లో పాఠాలు మొదలైనవి. వాటిలో కొన్ని బి.బి.సి. రేడియో, టెలివిజనుల ద్వారా ఇళ్లకు చేరినవి. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే తపాలా ద్వారా పాఠాలు పంపే పద్ధతిని ప్రారంభించి ఉన్నది. కాని పూర్తిగా ఈ పనికే అంకితమైన మొట్టమొదటి విశ్వవిద్యాలయం భారతదేశంలో మన తెలుగు గడ్డపైననే, 1982లో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో వెలసినది. ఆచార్య జి. రామిరెడ్డిగారు దాని తొలి ఉపాధ్యక్షులు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి కూడ ఆయనయే తొలి ఉపాధ్యక్షులు. హైదరాబాదు సంస్థకు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టినారు. బొంబాయిలో ఉదయపు తరగతులు పెట్టించిన మహనీయుని పేరు, ఇంటివద్దకే చదువు తెచ్చే సంస్థకు పెట్టడం ఎంతయు సముచితం.

ఈ విశ్వవిద్యాలయం ప్రారంభంలో చేసిన సాహసం ఒకటి చెప్పుకొనదగినది. క్రింది పరీక్షల పత్రాలు ఏవియు లేనివారిని సహితం, నిర్ణీత వయస్సు నిండి ఉంటే, ఒక అర్హత పరీక్ష పెట్టి పట్టపు చదువులో చేర్చుకొన్నది. నిబంధనలు కాలక్రమాన మారుతూ వచ్చినవి గనుక, నేడు చేరదలచినవారు ఆ సంవత్సరపు ప్రకటనను చూచుకొనవలెను. క్రింది మెట్లు ఎక్కదలచినవారికి ఓపెన్ స్కూలు కలదు. మన రాష్ట్రంలో అది 1991లో ఆరంభమైనది. నేడు తెలంగాణకు వేరుగా సంస్థ ఉన్నది. 14 ఏళ్లు నిండినవారు ఎవరైనను అందులో పదవ తరగతికి చేరవచ్చును. పై వయస్సుకు హద్దు లేదు. పరీక్షలన్నీ ఒకేసారి వ్రాయనవసరం లేదు. నెగ్గిన విషయం నెగ్గినట్లే నిలిచి ఉంటుంది, మిగిలినది మరల వ్రాసుకొనవచ్చును. కష్టజీవికి ఇది చిన్న సదుపాయం కాదు. ఒక్క లెక్కల పరీక్షలో తప్పినందుకు సంవత్సరమంతా పోగొట్టుకొనే భయం దీనివలన తొలగినది.

చదువు సాగే తీరు

ధరూరువారికి దగ్గరి కళాశాల పట్టణం గద్వాల. సంస్థానపు చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరుతో అక్కడ ప్రభుత్వ కళాశాల ఉన్నది. సార్వత్రిక విశ్వవిద్యాలయం సొంత భవనాలు కట్టుకొని కూర్చొనక, ఇటువంటి ప్రభుత్వ కళాశాలలలోనే అధ్యయన కేంద్రాలు నెలకొల్పినది. వారం పొడుగునా పడుచు విద్యార్థులు కూర్చొనే బల్లలమీదనే ఆదివారం పెద్దలు కూర్చొంటారు. పాఠ్యగ్రంథం ఇంటికి వస్తుంది. అది సాధారణ పాఠ్యపుస్తకం వంటిది కాదు. ఎదుట ఉపాధ్యాయుడు లేడన్న సంగతి గుర్తుంచుకొని, పాఠాన్ని చిన్న భాగాలుగా విడగొట్టి, భాగం చివర ప్రశ్నలు, వాటికి సరిచూచుకొనే సమాధానాలు ఇస్తూ వ్రాసినది. చదివి అర్థం కానిదానిని ఆదివారపు తరగతిలో అడిగి తెలిసికొనవలెను. అందుచేత ఆ తరగతిలో పాఠం చెప్పేవారిని బోధకులని గాక సలహాదారులని వ్యవహరిస్తారు.

రేడియో శ్రోతలకు ఇంకొక సంగతి ప్రీతి కలిగించవచ్చును. ఈ విశ్వవిద్యాలయం ఆకాశవాణి ద్వారా పాఠాలు ప్రసారం చేయించినది. కన్నులకు, చేతులకు పని ఉండి చెవులకు మాత్రమే తీరిక ఉన్నవారు మన దేశంలో కోట్లకొలది ఉన్నారు. గద్వాల నేతగానిని తీసికొందాము. నూలు చీరకు పట్టు అంచును, కొంగును కలిపి నేసే ఆ పనిలో చూపు మగ్గం మీదనుండి కదలరాదు. పుస్తకం అతనికి పగలు పనికిరాదు. పాఠం వినిపిస్తే మాత్రం పనికివస్తుంది. నేడు చేతిలోని ఫోనులోనే పాఠాలు వినవచ్చు, చూడవచ్చు. సాధనం మారినను సూత్రం ఒకటే: తీరిక ఉన్న ఇంద్రియానికి చదువు చేరవలెను.

విద్యార్థుల అనుభవాలు

ఇక చదివేవారి అనుభవాలను గమనిద్దాము. పెద్ద వయస్సులో చదువుకొనేవారు ఏ ప్రాంతంవారైనను కొన్ని మాటలు దాదాపు ఒకే తీరుగా చెబుతారు.

మొదటిది సిగ్గు. దరఖాస్తు నింపే రోజున ఇది అన్నిటికంటె పెద్ద అడ్డంకి. "ఈ వయస్సులో ఏమి చదువు" అని అత్తగారు అన్నదానికంటె, పదవ తరగతి చదివే కుమారుడు ఏమనుకొంటాడో అన్న బిడియమే ఎక్కువ బాధిస్తుంది. ఆశ్చర్యమేమనగా, చాల ఇళ్లలో మొదటి సహాయం ఆ పిల్లలనుండియే వస్తుంది. తల్లికి బీజగణితం చెప్పిన పిల్లవానికి ఆ లెక్క తానుగా మరింత బాగా వస్తుంది. తల్లి చదువుకొంటున్న ఇంట్లో పిల్లలను చదువుకొమ్మని గద్దించవలసిన అవసరం తగ్గుతుంది.

రెండవది చేయి. పార పట్టిన చేతికి, మొగ్గలు గిల్లిన వ్రేళ్లకు కలం బరువుగా తోస్తుంది. చదివినది బుర్రలో ఉన్నను, మూడు గంటలపాటు ఎడతెగక వ్రాయడం అలవాటు లేక పరీక్షలో సగమే వ్రాసి లేచి వచ్చేవారు ఉన్నారు. తెలియక తప్పడం వేరు, వ్రాయలేక తప్పడం వేరు. ఈ రెండవదానికి మందు ఒకటే: రోజుకు ఒక పుట చేతితో వ్రాయడం. పాఠం చదవడానికి ఓపిక లేని రోజున కూడ ఆ ఒక పుట వ్రాసినవారు పరీక్ష నాటికి గట్టెక్కుతారు.

మూడవది జ్ఞాపకం. వయస్సు మీరితే గుర్తుండదని అందరు అంటారు. ఇది సగం నిజం. అర్థం లేని పట్టికలను కంఠస్థం చేయడంలో పిల్లలదే పైచేయి. కాని అర్థంతో ముడిపడిన విషయాన్ని పట్టుకొనడంలో పెద్దలు వెనుకబడరు. పైగా కొన్ని విషయాలలో వారే ముందుంటారు. వృక్షశాస్త్ర పాఠంలో పుష్పభాగాలు వస్తాయి. పట్టణపు విద్యార్థి బొమ్మ చూచి కేసరాలు, పరాగకోశాలు, కీలాగ్రం, అండాశయం అని వల్లెవేస్తాడు. ధరూరు చేలలో క్రాసింగు చేసిన స్త్రీకి అవన్నీ కొన్ని వేలసార్లు గోటికి తగిలిన వస్తువులు. పుస్తకం విపుంసీకరణం అన్నప్పుడు ఆమెకు కొత్తది ఆ పేరు మాత్రమే. కేసరాలను ముందునాటి సాయంకాలమే ఎందుకు తీసివేయవలెనో ఆమెకు ఎవరు చెప్పనవసరం లేదు: తెల్లవారితే ఆ పువ్వు తన పుప్పొడినే తాను గ్రహిస్తుంది. ఈ పద్ధతి వెనుక 1970లో గుజరాతులోని సూరతు వద్ద డాక్టర్ సి.టి. పటేల్ విడుదల చేసిన మొదటి వాణిజ్య సంకర పత్తి కథ ఉన్నదని తెలిసినప్పుడు, తాను ఇన్నాళ్లు చేసినది ఉత్త కూలిపని కాదని, ఒక శాస్త్ర ప్రయోగమని ఆమెకు అర్థమవుతుంది. ఆ క్షణం విలువ పట్టపు కాగితం విలువకు తక్కువ కాదని మేము భావిస్తున్నాము.

భౌతికశాస్త్రంలోను ఇంతే. జూరాల జలవిద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 39 మెగావాట్ల శక్తిగల ఆరు యూనిట్లు, మొత్తం 234 మెగావాట్లు ఉన్నవి. శ్రీశైలంవలె అక్కడ నీరు చాల ఎత్తునుండి పడదు. పడే ఎత్తు తక్కువ, ప్రవాహం పెద్దది. ఎత్తు తక్కువైనను నీరు ఎక్కువైతే శక్తి ఎట్లు లభించునో, వరద రోజులలో గేట్లు ఎత్తడం చూచినవాడు సూత్రం కంటె ముందే గ్రహిస్తాడు. అర్థశాస్త్రంలో ఋణం, వడ్డీ, ఒప్పందం అన్న అధ్యాయాలు వస్తాయి. విత్తన ఆర్గనైజరు వద్ద అడ్వాన్సు తీసికొని, పంట చేతికి వచ్చిన తరువాత లెక్క తేల్చుకొన్న రైతుకు ఆ అధ్యాయాలు కథలవలె సాగిపోతాయి. ఆపైన అతడు తన ఒప్పందపు కాగితాన్ని తానే చదువుకొంటాడు. ఈ చదువు వలన కలిగే మొదటి లాభం ఉద్యోగం కాదు, ఇదే.

నాల్గవది భాష. ఇంట్లో పలికే గద్వాల తెలుగుకు, పాఠ్యగ్రంథపు తెలుగుకు మధ్య చాల దూరం కలదు. ఉపాంత ప్రయోజనం, అభిసరణం వంటి మాటలు మొదటిసారి చూచినప్పుడు ఇది మన భాషేనా అన్న సందేహం కలుగుతుంది. తెలుగు అకాడమి 1968లో ఏర్పడి ఉన్నత విద్యకు తెలుగులో పుస్తకాలు, పారిభాషిక పదాలు సమకూర్చడం వలననే నేడు పల్లెవారికి తెలుగులో పట్టపు చదువు సాధ్యమైనది. అయితే పదం తయారు చేసినవారి పని అక్కడితో ముగిసినను, సలహాదారుని పని అక్కడే మొదలవుతుంది. ఆ పదాన్ని చేలోకి, మగ్గం వద్దకు, సంతకు తెచ్చి చూపినప్పుడే అది విద్యార్థి సొంతమవుతుంది.

మిగిలిన చిక్కు

పైన చెప్పినదంతా చదివి, వేళ, చోటు, అర్హత అన్న మూడు అడ్డంకులు తొలగినవి గదా, ఇక అందరు సుఖంగా చదువుకొంటున్నారని అనుకొనరాదు. దూరవిద్యలో చేరేవారు చాలమంది; చివరకంటా నిలిచేవారు తక్కువ. ఇది ప్రపంచమంతటా ఉన్న సంగతియే. మధ్యలో మానినవారికి తెలివి తక్కువని తలచడం అన్యాయం. వారిలో చాలమంది పాఠం అర్థం కాక మానలేదు. ఒంటరితనం వలన, ఋతువు వలన మానినారు.

ఋతువు మాట ఎందుకన్నామో వివరించవలెను. కళాశాలల పంచాంగం వేసవి సెలవులతో ముగిసి, వానాకాలంతో మొదలవుతుంది. రైతుకూలీ పంచాంగం దానికి సరిగా ఎదురుగా ఉన్నది. పుస్తకాలు వచ్చి తరగతులు ఆరంభమయ్యే రోజులలోనే చేలలో క్రాసింగు ముమ్మరంగా ఉంటుంది. ఆదివారం కూలి మానుకొని గద్వాల పోతే ఆ నాటి కూలి పోవును. బస్సు ఖర్చు అదనం. మొదటి రెండు మూడు తరగతులు తప్పినవారికి నాల్గవ తరగతిలో కూర్చొనడానికి బిడియం. ఆ బిడియమే చివరకు మానివేయడంగా పరిణమిస్తుంది. ఎండాకాలం, పనులు లేక, వలస పోనివారు ఊళ్లో ఖాళీగా ఉండే రోజులలో కళాశాలకు సెలవులు. బర్క్‌బెక్ రెండు వందల ఏళ్ల క్రిందట రోజులోని గంటను సవరించినాడు. మన పల్లెలకు సవరించవలసినది సంవత్సరంలోని నెల. పంటల తీరు చూచి, ఆ ప్రాంతానికి అనువైన కాలంలో ఎక్కువ తరగతులు పెట్టగలిగితే, ఖర్చు లేకుండనే ఎందరో నిలబడతారు. ఇది అధికారులు ఆలోచింపదగిన సంగతి.

ఒంటరితనానికి మందు ఊరివారి చేతిలోనే ఉన్నది. ఒకే ఊరినుండి నలుగురు కలిసి చేరినప్పుడు మానివేయడం తగ్గుతుంది. ఒకరు తరగతికి పోతే ముగ్గురికి ఆ పాఠం అందుతుంది. ఒకరు పుస్తకం బిగ్గరగా చదివితే, చదువు బాగా రాని నాల్గవవారు కూడ విని నేర్చుకొంటారు. మన పల్లెలలో రాత్రివేళ పదిమంది కూర్చొని పురాణం వినే ఆచారం ఉండెను గదా! ఒకరు చదవడం, ఒకరు అర్థం చెప్పడం, మిగిలినవారు ప్రశ్నించడం అన్న ఆ పద్ధతియే ఇక్కడను పనికివస్తుంది. బడి గది సాయంకాలం ఖాళీగానే ఉంటుంది. ఊరి యువకులలో పట్టభద్రులైనవారు వారానికి రెండు రోజులు వచ్చి కూర్చొన్నను చాలును.

ఇంటివారు చేయవలసినది

ఈ పత్రికను చదివే కుటుంబాలలో చదువు మధ్యలో ఆగినవారు ఒకరైనను ఉండవచ్చును. ఇంటి యజమానురాలు కావచ్చు, పనికి వచ్చే అమ్మాయి కావచ్చు, అంగడిలో లెక్కలు చూచే కుర్రవాడు కావచ్చు. వారు చదువుకొంటామంటే డబ్బు ఇవ్వడం సులభం; వేళ ఇవ్వడం కష్టం. ఫీజు కట్టి, ఆ తరువాత పరీక్షకు ముందు వారంలో ఇంటికి చుట్టాలను పిలిచే ఇళ్లు ఎన్నో ఉన్నవి. స్త్రీల విషయంలో ఇది మరింత నిజం. మగవాడు చదువుకొంటుంటే ఇల్లంతా గొంతు తగ్గించి మాట్లాడుతుంది; ఆడది చదువుకొంటుంటే పుస్తకం మీదనుండి మూడుసార్లు లేపి కాఫీ అడుగుతుంది. రోజుకు ఒక గంట, ఒక దీపం, ఒక మూల ఆమెకు విడిచిపెట్టి, ఆ గంటలో వంటింటి పని మరొకరు చూచుకొనగలిగితే, ఆ ఇంట్లో ఒక కళాశాల వెలసినట్లే.

చదువదలచినవారికి కూడ రెండు మాటలు. మొదటి సంవత్సరమే కష్టకాలం. అందులో కూడ మొదటి మూడు నెలలు మరింత కష్టం. ఆ మూడు నెలలలో ఎక్కువ చదవవలెనని గాక, ఒక్క రోజును మానరాదన్న నియమం పెట్టుకొనవలెను. పావుగంట చదివినను చదివినట్లే. ఇచ్చిన అభ్యాసాలు వ్రాసి పంపవలెను, తప్పులతోనైనను పంపవలెను. ఒక పరీక్ష తప్పితే అది ఆ ఒక్క పరీక్షకు సంబంధించిన సంగతియే గాని మీకు సంబంధించిన తీర్పు కాదు. పనులు ముమ్మరంగా ఉండే వారాలను ముందుగానే గుర్తుంచుకొని, ఆ వారాల పాఠాన్ని ముందో వెనుకో పెట్టుకొనవలెను. రైతు విత్తనానికి అదను చూచుకొన్నట్లే చదువుకు కూడ అదను చూచుకొనవలెను.

పెద్దల చదువు వలన దేశానికి ఏమి లాభమని అడిగేవారు ఉన్నారు. ఎందరికి ఉద్యోగాలు వచ్చినవి, జీతాలు ఎంత పెరిగినవి అని లెక్క చూస్తారు. ఆ లెక్క అవసరమే. కాని ధరూరు వంటి చోట ఇంకొక లెక్క కూడ చూడవలెను. ఒప్పందపు కాగితం మీద వ్రేలిముద్ర వేయకముందు దానిని చదివినవారు ఎందరు? ఆడపిల్లను క్రాసింగుకు పంపకుండ బడికి పంపిన తల్లులు ఎందరు? విత్తన పత్తి చేలలో తమ బాల్యాన్ని వదలివచ్చిన తరంవారికి ఆ బాల్యాన్ని మరల ఎవరును ఇవ్వలేరు. పుస్తకాన్ని ఇవ్వగలము, పుస్తకానికి కావలసిన గంటను ఇవ్వగలము. సార్వత్రిక విద్య ఆ పుస్తకాన్ని ఊరివరకు తెచ్చినది. ఆ గంటను ఇవ్వవలసినవారు ఇంటివారు, ఊరివారు, పని ఇచ్చేవారు.